డాక్టరు పుస్తకంలో రెండు గుడ్లు

ఫిబ్రవరి 12

ఇది రెండో పుస్తకం. మొదటిది డాక్టరు కోసం. జగిత్యాల దవాఖానాలో నర్సు ఇవాళ నా చేతికి పొడుగాటి నోట్‌బుక్ ఇచ్చి, "పేషెంటు ఏమేం తిన్నడో రోజూ రాయాలె, వచ్చినప్పుడల్లా సారుకు చూపియ్యాలె" అంది. అందులో సొంత గోడు రాస్తే బాగుండదు. అందుకని మా బిడ్డ అక్షిత నాలుగో తరగతి లెక్కల పుస్తకంలో మిగిలిన పేజీలు నేను తీసుకున్నాను. ఇది ఎవరికీ చూపించేది కాదు.

మా ఆయన మస్కట్ నుంచి వచ్చి మూడు రోజులైంది. ఎయిర్‌పోర్టులో ఆయన నా ఎదురుగా నడిచి వస్తుంటే, నేను ఆయన భుజం మీంచి వెనక్కి చూస్తున్నాను, జితేందర్ ఎక్కడా అని. "ఏందే, ఎవలకోసం చూస్తున్నవ్?" అన్నాడు. మనిషి సగమైపోయాడు, గొంతు ఒక్కటే మారలేదు. పనిలో ఉండగానే పేగు పగిలిందట. అక్కడే కోసి కుట్టి, రెండు వారాలకు కంపెనీ వాళ్లు విమానం ఎక్కించారు. పొట్ట మీద జానెడు కోత. పైన మానింది. కింద రెండు వేళ్ల వెడల్పున ఇంకా పచ్చిగానే ఉంది. మే పదో తేదీలోపు తిరిగి మేస్త్రి పనిలో చేరకపోతే వీసా పోతుంది.

రక్తంలో బలం లేదన్నాడు డాక్టరు. "నువ్వు మేస్త్రివి గదా జితేందర్, ఇటుకలు లేకుంట గోడ లేస్తదా? గుడ్లు, పప్పు, పాలు, చికెన్, ప్రొటీన్ పొడి. గివే నీకు ఇటుకలు" అన్నాడు. ఆయన నవ్వాడు. నవ్వితే నొప్పి లేచి పొట్ట పట్టుకున్నాడు.

రేపటి నుంచి రోజుకు రెండు గుడ్లు.

ఫిబ్రవరి 13

గుడ్లు ఉడుకుతుంటే అత్త వచ్చి మూత తీసి చూసింది. గిన్నె దించి, తీసుకుపోయి నీళ్లతో సహా పెంటలో పోసింది. మా అత్త మొగిలవ్వ కింద పడ్డ మెతుకును కూడా ఏరి కోడికి వేసే మనిషి.

"పచ్చి పుండు మనిషికి గుడ్డు పెడ్తవానే? సీము వడ్తది. పప్పు ముట్టియ్యకు, పెరుగు ముట్టియ్యకు, నీసు పేరెత్తకు. కారం మెతుకులు, మిర్యాల చారు. గంతే."

"డాక్టర్ సారే చెప్పిండు అత్తా."

"డాక్టర్ కోస్తడు, కుడ్తడు. పత్తెం సంగతి ఆయినకేం ఎరుక? నీ ఆపరేషనప్పుడు నేను జెయ్యలేదా? నీ కుట్లు మానలేదా?"

మానాయి. అక్షిత పుట్టినప్పుడు కడుపు కోస్తే, నలభై రోజులు ఎల్లిపాయ కారం కలిపి ముద్దలు చేసి పెట్టింది. ఒంటికి నీళ్లు కాచి పోసింది. చందుర్తిలో మా అమ్మ కూడా అంత చేయలేదు. ఆ చేతికి ఎలా ఎదురు చెప్పను?

డాక్టరు పుస్తకంలో "గుడ్లు 2, పప్పు ఒక కప్పు" అని రాశాను. రేపు ఎలాగూ పెడతాను కదా. రేపటిది ఇవాళే రాశాననుకుంటే సరిపోతుంది.

ఫిబ్రవరి 14

డాక్టరు పుస్తకంలో: గుడ్లు 2, పప్పు, పాలు. కంచంలో: కారం మెతుకులు, చారు.

ఫిబ్రవరి 15

అదే.

ఫిబ్రవరి 19

అదే. ఆయన ఏమీ అడగడు. పదకొండేళ్లు గదిలో తన వంట తానే వండుకున్న మనిషి. ఇప్పుడు తల్లి ముద్ద కలిపి పెడితే చిన్నపిల్లాడిలా నోరు తెరుస్తాడు. "గీ కారం మెతుకులు మస్కట్ల యాద్‌కొచ్చేటియి" అంటాడు. ఆవిడ కళ్లొత్తుకుంటుంది. వాళ్లిద్దరి మధ్య నేను గుడ్డు పట్టుకుని ఎక్కడ నిలబడాలి?

ఫిబ్రవరి 22

బుగ్గారం పరశురాములన్న లీవు మీద వచ్చాడు. మస్కట్‌లో ఆయనతో ఒకే గదిలో ఉంటాడు. డాక్టరు చెప్పిన సంగతి ఫోన్లో విని గదిలో అందరూ కలిసి ప్రొటీన్ పొడి డబ్బా కొని పంపారు. చిన్న బిందెంత ఉంది. దాని మీద చొక్కా లేకుండా కండలు చూపిస్తున్న మనిషి బొమ్మ.

అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గీనెవడు? గింత దున్నపోతు లెక్కున్నడు, కట్టుకోను బట్టల్లేవా?"

"గది తింటె గట్లయితరు పెద్దవ్వా" అన్నాడు పరశురాములన్న.

"దేంతోని చేస్తరు గా పొడి?"

అతనికి తెలిసి చచ్చిందా! "పాలు, గుడ్లు, గవన్ని కలిపి చేస్తరట" అనేశాడు. అంతే. అత్త డబ్బాను గోడ మీద పెట్టి, "పోయేటప్పుడు మళ్ల తీస్కపో కొడుకా" అంది. అతను వెళ్లేటప్పుడు నేను దాన్ని కొంగు చాటున తెచ్చి, నా బీడీల ఆకు బస్తాలో అడుక్కి తోశాను. తునికాకు బస్తాలో అత్త చెయ్యి పెట్టదు.

ఫోన్లో పొడి బొమ్మ చూపిస్తే జగిత్యాల నర్సు డాక్టరును అడిగి చెప్పింది. పూటకు రెండు చెంచాలు, పాలలో.

ఫిబ్రవరి 24

అత్త పొద్దున పాలకేంద్రానికి పోయే వేళ ఒక గ్లాసు, సాయంత్రం ఆవిడ అరుగు మీద ఐలమ్మ పెద్దమ్మతో కూర్చునే వేళ ఒక గ్లాసు. ఆయన స్నానాల తడిక వెనుక నిలబడి గటగటా తాగేస్తాడు. "మా నాయిన గీడ్నే దాసుకొని కల్లు తాగేటోడు. ఆ రుచే వేరు" అంటాడు. మీసానికి తెల్లటి నురగ. బిస్కెట్ వాసన వస్తోందట. ఇవాళ గ్లాసు కడగడానికి ఇవ్వకుండా వేలితో తుడుచుకుని నాకాడు.

చాలా రోజుల తర్వాత నవ్వాను. డాక్టరు పుస్తకంలో పొడి అని నిజంగా రాశాను. గుడ్ల గురించి రాసింది అబద్ధమే, కానీ సగమైనా నిజం.

మార్చి 3

జగిత్యాల పోయి వచ్చాం. కట్టు విప్పి చూసి డాక్టరు "మంచిగ పూడుతుంది" అన్నాడు. రెండు వేళ్లది ఒక వేలు అయింది. పుస్తకం చూసి నన్ను మెచ్చుకున్నాడు, "గింత శ్రద్ధగ రాసేటోళ్లు లేరమ్మా" అని. సిగ్గుతో తల దించుకుంటే వినయం అనుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కోరుట్లలో బస్సు దిగి ఆయన అక్షితకు స్కూలు సంచి కొన్నాడు. మే పదికి మస్తు టైమున్నది అన్నాడు.

మార్చి 9

కట్టు తడిగా ఉంది. వాసన. విప్పితే చీము.

అత్త గుమ్మంలోనే కూలబడింది. "ఏం పెట్టినవే? ఏం పెట్టినవ్ చెప్పు" అంది. నేను చెప్పలేదు. అక్షిత చెప్పింది. "బాపు పాలల్ల పొడి కలుపుకొని తాగుతుండు నాయినమ్మా" అని. దాని తప్పేముంది, దాచమని నేను చెప్పలేదు కదా.

తిడుతుందనుకున్నాను. తిడితే నేనూ తిట్టేదాన్ని, నా నోరేమీ తక్కువ కాదు. కానీ అత్త తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది.

"మీ మామ కల్లు గీసుకుంట తాడిచెట్టు మీంచి పడ్డప్పుడు తొడకు ఆపరేషన్ జేసిండ్రు. ఇంటికి తెచ్చినంక ఎనిమిదో నాడు, మొగిలీ నోరు సప్పగైంది, ఒక్క గుడ్డు కాల్చి పెట్టే అన్నడు. పొయ్యిల కాల్చి పెట్టిన. సంబరంగ తిన్నడు. రెండు పొద్దులకు తొడ ఉబ్బింది. సీము. వారం తిరుగలేదు. నా చేతితోనే పెట్టిన బిడ్డా. ఇరవై రెండేండ్లాయె, గా గుడ్డు నాకు మింగుడు పడ్తలేదు."

అత్త గుడ్డు తినదని పెళ్లయిన నాటి నుంచీ తెలుసు. ఇష్టం లేదేమో అనుకున్నాను.

"నా మొగన్ని ఉంచుకోలేదు. నా కొడుకునన్న నాకు ఉంచు" అని, వెంట వచ్చిన అక్షిత నెత్తి మీద నా చెయ్యి తీసి పెట్టింది. గుడ్డు పెట్టను, పప్పు పెట్టను, పొడి పెట్టను అని ఒట్టు వేయించింది. బిడ్డ తల మీద.

వేశాను.

మార్చి 10

జగిత్యాలకు ఫోన్ చేస్తే నర్సు మందుల పేర్లు చెప్పింది, తిండి మాత్రం ఆపొద్దంది. అట్లనే అన్నాను.

నాలుగు రోజులు ఆపితే ఏమీ కాదు. చీము తగ్గాక అత్తే ఒప్పుకుంటుంది.

మార్చి 13

చీము తగ్గింది. "సూసినవా" అంది అత్త. మందుల వల్ల తగ్గిందని నాకు తెలుసు. తెలుసా? ఏమో. పదిహేను రోజులు పొడి తాగితే గాయం పూడింది నిజం. చీము పట్టింది కూడా నిజం. ఎల్లిపాయ కారంతో నేను బతికింది కూడా నిజమే.

మార్చి 17

మస్కట్ గది వాళ్లు వీడియో కాల్ చేశారు. పరశురాములన్న కూడా తిరిగి చేరిపోయాడు. ఆయన గోడకు ఆనుకుని, దుప్పటి మెడ దాకా లాక్కుని మాట్లాడాడు. "డబ్బా సగం ఖతం జేసిన్నే. మళ్లొచ్చినంక మీ అందరికంటె నేనే దున్నపోతును" అన్నాడు. అటు పక్క అందరూ నవ్వారు.

ఫోన్ పెట్టేశాక మెల్లగా అడిగాడు. "గా పొడి ఇంక ఉన్నదానే?"

"అయిపోయింది" అన్నాను.

బీడీల ఆకు బస్తా మా ఇద్దరి మధ్యనే ఉంది. నేను దాని మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాను. డబ్బా మూత మోచేతికి తగులుతూనే ఉంది. ఆయన "సరే తియ్" అని అటు తిరిగి పడుకున్నాడు.

మార్చి 18

అయిపోయింది అన్నాను కదా. ఇంకేం అనాలి? ఉంది గానీ పెట్టను అనాలా?

మార్చి 24

జగిత్యాల. గాయం మళ్లీ రెండు వేళ్లయింది. ఇంకా ఎక్కువేనేమో. ఆయన బరువు చూసే మిషన్ ఎక్కితే నర్సు రెండుసార్లు దిగి ఎక్కమంది.

డాక్టరు పుస్తకం మొత్తం తిప్పాడు. "రోజుకు రెండు గుడ్లు, పప్పు, చికెన్, పొడి. గింత తిన్నంక గూడ పుండు మానుత లేదంటే లోపల ఇంకేదో ఉన్నట్టే. మంచిగ తింటుండు గదమ్మా?"

అత్త బయట బెంచీ మీద ఉంది. ఆ గదిలో నేను, ఆయన, డాక్టరు, అంతే. పెట్టనని ఒట్టు వేశాను. చెప్పనని వేయలేదు.

"తింటుండు సార్" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. కోపంగా కాదు. అక్షిత పరీక్షలో తప్పు రాసి దొరికిపోయినప్పుడు చూస్తాడే, అలా. నలభై రోజుల అబద్ధం ఒక్కసారి ఎలా విప్పను? ఇంత శ్రద్ధగా రాసేవాళ్లు లేరు అన్న మనిషి ముందు?

స్కాను రాశారు, షుగరు, ఇంకేవో పరీక్షలు. లేని జబ్బు కోసం వెతుకుతున్నారు.

మార్చి 29

స్కానులో ఏమీ లేదు. పదిహేను రోజులకు మళ్లీ రమ్మన్నారు. ఈసారి చెప్పేస్తాను. ఏం అంటే అది పడతాను.

ఏప్రిల్ 2

కారం మెతుకులు. చారు. ఆయన సగం తిని పక్కన పెట్టాడు. కాళ్లు వాచాయి. "మంచిగైంది, జెర కండ వట్టింది" అంది అత్త, వాచిన కాలు నిమురుతూ. ఆవిడ నిజంగానే నమ్మింది. డాక్టరు పుస్తకంలో ఇవాళ ఏమీ రాయలేదు. తర్వాత రాశాను.

ఏప్రిల్ 6

ఉగాది. ఇంట్లో భక్ష్యాలు చేయకుండా ఉండలేం. శనగపప్పు ఉడికి, బెల్లం కలిపి, నెయ్యి వేసి కాలుస్తుంటే వాసన ఇల్లంతా.

"అవ్వా, ఒక్కటియ్యరాదే" అన్నాడు ఆయన. రెండు నెలల్లో ఆయన తల్లిని నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

"మానినంక నీకు ఇరవై జేసి పెడ్త కొడుకా. మస్కట్‌కు మూటగట్టి పంపుత. గిప్పుడద్దు."

"ముక్క తుంచి ఇయ్యి పోనీ."

అత్త వంటింట్లోకి వచ్చి గోడకు ముఖం పెట్టి ఏడ్చింది. ఇవ్వలేదు. ఇవాళ ఆవిడా ఒక్క భక్ష్యం ముట్టలేదు. నేను తిన్నాను. అక్షితకు తోడు కూర్చుని రెండు తిన్నాను. ఇక్కడైనా నిజం రాయాలి కదా.

ఏప్రిల్ 9

పొద్దున దగ్గు వచ్చింది. ఒకటే దగ్గు. "స్వరూపా, ఏదో తెగినట్లున్నది" అన్నాడు. చొక్కా ఎత్తితే కట్టు ఎర్రగా తడిసిపోయింది. కుట్ల గీత పొడుగునా విడిపోయింది. తడి గుడ్డ అదిమి పట్టుకుని కారులో కూర్చున్నాను. కరీంనగర్ దాకా నా చెయ్యి తీయలేదు.

దారిలో అన్నాడు. "మా అవ్వను ఏమనకు."

ఏప్రిల్ 11

మళ్లీ ఆపరేషన్ చేశారు. లోపల కుడితే దారం నిలబడటం లేదట, కండ తడిసిన కాగితంలా ఉందట.

కరీంనగర్ డాక్టరు ఆడమనిషి. డాక్టరు పుస్తకం ఆవిడ చేతిలో ఉంది. "రోజుకు రెండు గుడ్లు తిన్న మనిషి రక్తం ఇట్లుండదమ్మా" అంది. అప్పుడు చెప్పాను. వరండాలో, నిలబడి, మొత్తం. ఎంత సేపు మాట్లాడానో తెలియదు. ఆవిడ తిట్టలేదు. పుస్తకం మూసి నా చేతికి ఇచ్చేసింది.

వెనుక అత్త నిలబడి ఉంది.

"పప్పు తింటె సీము వట్టదా సారూ?" అంది. ఆడ డాక్టరైనా అత్తకు సారే.

"పట్టదమ్మా. అవి లేకనే పుండు మానలేదు."

"గట్లయితె మా ఇంటాయిన..." అని ఆగిపోయింది. "గుడ్డు తిన్నంకనే గదా కాలు ఉబ్బింది?"

"గుడ్డుతోని ఉబ్బదు. పుండుల క్రిములు చేరితే ఉబ్బుతది."

అత్త కొంగు సర్దుకుని, పొయ్యి ముట్టించడానికి లేచినట్టు హడావిడిగా అడిగింది. "అయితె గిప్పుడు పెడ్త సారూ. ఎన్ని గుడ్లు పెట్టాలె? ఒక్కపూట ఎన్ని పెట్టచ్చు?"

"ఇప్పుడు నోట్లకు ఏమీ పెట్టొద్దమ్మా" అంది డాక్టరు.

ఏప్రిల్ 12

కళ్లు తెరవలేదు. అత్త ఎక్కడి నుంచి తెచ్చిందో, నాలుగు ఉడికిన గుడ్లు కొంగులో కట్టుకుని ఐసీయూ తలుపు దగ్గర కూర్చుంది.

ఏప్రిల్ 13

అవే గుడ్లు. పారేయమంటే వినదు.

ఏప్రిల్ 14

పొద్దున తొమ్మిదింటికి.

ఏప్రిల్ 16

మూడో నాడు. పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, కాల్చిన చోట ఆకు వేసి పెడతాం. కాకి వచ్చి ముడితే ఆయన తిన్నట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలి ఉన్నట్టు.

అత్త పొద్దున ఎవ్వరినీ వంటింట్లోకి రానివ్వలేదు. గుడ్లు ఉడికించింది. ముద్దపప్పు చేసింది. కోడి కోయించి కూర వండింది. శనగపప్పు నానబెట్టి భక్ష్యాలు కాల్చింది. పెరుగు తోడు పెట్టింది. రెండు నెలలు వద్దన్నవన్నీ వరుసగా వండింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "గా పొడి తే" అంది.

నేను లేవలేదు. "బస్తల ఉన్నదని నాకెరుకే. తే" అంది. తెచ్చాను. సగానికి పైనే ఉంది. ఆయన తాగే స్టీలు గ్లాసులో పాలు పోసింది.

"ఎన్ని చెంచాలు?"

"రెండు అత్తా."

మూడు వేసింది.

వాగు ఒడ్డున మోదుగాకు విస్తరి పరిచి అన్నీ పెట్టాం. మామ కల్లుకు ఎక్కిన తాటిచెట్లు అక్కడికి కనిపిస్తాయి. మామకు వరుసకు తమ్ముడు హన్మండ్లు చిన్నమామ ఒక లొట్టి కల్లు తెచ్చి పక్కన పెట్టాడు. అందరం దూరం జరిగి నిలబడ్డాం. తాటిమట్ట మీద రెండు కాకులు కూర్చున్నాయి గానీ కిందికి రాలేదు. ఎండ ఎక్కుతోంది.

ఆకు ముందు ఒక్కొక్కరూ మాట ఇవ్వడం మొదలుపెట్టారు. "నీ బిడ్డను మంచిగ సదివిపిస్తంరా జితేందర్" అన్నాడు చిన్నమామ. రాలేదు. "నీ పెండ్లాన్ని అరుసుకుంటం" అంది ఐలమ్మ పెద్దమ్మ. రాలేదు. నన్ను ముందుకు నెట్టారు. నాకు ఏం మాట ఇవ్వాలో తెలియలేదు. "అయిపోలేదు" అన్నాను. "గా పొడి అయిపోలేదు, ఉండె. అబద్ధమాడిన." పక్కవాళ్లకు అర్థం కాలేదు. కాకులు కదలలేదు.

అప్పుడు అత్త పోయింది. ఆకు ముందు గొంతుక్కూర్చుని, ఈగలను కొంగుతో తోలుతూ మామూలు గొంతుతో అంది.

"తిను కొడుకా. ఇగ నేనేమననురా. తిను."

ఆవిడ లేచి నాలుగు అడుగులు వెనక్కి వేసిందో లేదో, ఒక కాకి దిగింది. చికెన్ ముట్టలేదు. భక్ష్యం ముట్టలేదు. ఆకు చుట్టూ ఒకసారి తిరిగి, గుడ్డు ముక్కున కరుచుకుని తాటిచెట్టు మీదికి పోయింది.

అందరూ హమ్మయ్య అన్నారు. ముట్టిందని, ఆయనకు తృప్తి అయిందని మొక్కారు. అత్త మాత్రం చెట్టు వైపే చూస్తూ నిలబడింది.

"ఆకలైతుండె నా కొడుక్కు" అంది.

ఇంటికి వచ్చాక డాక్టరు పుస్తకం తీశాను. తేదీ వేసి, గుడ్డు 1 అని రాశాను. గుడ్ల గురించి అందులో నేను రాసిన నిజం ఇదొక్కటే.